బెదురు తీరే దాకా

(మహాసభల్లో చేసిన ప్రసంగ పాఠం)



పక్క హాల్లో అవధానం జరుగుతోందని తెలిసి కూడా కుక్కల గురించి వినడానికి ఇక్కడికి వచ్చిన మీ అందరికీ ముందుగా కృతజ్ఞతలు. మీలో సగం మంది ఇంట్లో ఇప్పటికే కుక్క ఉండి ఉంటుంది. మిగిలిన సగం మంది, పిల్లలు కుక్క కావాలని పోరుపెడుతుంటే ఏం చెయ్యాలో తోచక వచ్చినవాళ్లు. రెండో రకం వాళ్ల కోసమే ఎక్కువగా మాట్లాడదామని వచ్చాను.

నేను పశువైద్యురాలిని కాను. వారమంతా కంప్యూటర్ల ముందు ఉద్యోగం, శని ఆదివారాలు మా కౌంటీ షెల్టర్లో సేవ. ఇల్లు దొరికేదాకా కొన్ని కుక్కల్ని మా ఇంట్లో ఉంచుకుంటాం. దాన్నే ఇక్కడ ఫోస్టరింగ్ అంటారు. పదమూడేళ్లలో ఇరవై పైచిలుకు కుక్కలు అలా వచ్చి వెళ్లాయి. అన్నీ పిరికివే. హుషారుగా తోకాడించే కుక్కకి ఇల్లు దానంతటదే దొరుకుతుంది. గది మూలకి మొహం పెట్టి కూర్చునే కుక్క కోసమే మాలాంటివాళ్లు కావాలి.

మనవాళ్లు ఇప్పుడు కుక్కల్ని కొనడం మాని షెల్టర్ల నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. చాలా సంతోషం. కానీ తెచ్చిన రెండు వారాల్లోపే తిరిగి వచ్చే కుక్కల్ని కూడా నేను చూస్తున్నాను. కారణం అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట: "మాతో కలవడం లేదండీ." ఆ మాట గురించే నా ప్రసంగమంతా.

మల్లి అని ఒక కుక్క. పేరు తర్వాత మేం పెట్టిందే. గోధుమరంగు, నలభై పౌండ్లు, దక్షిణాది రాష్ట్రాల నుంచి ఉత్తరాదికి వ్యానుల్లో తెచ్చే వందల కుక్కల్లో ఒకటి. ఒక తెలుగు కుటుంబం ఎంతో ముచ్చటపడి తీసుకెళ్లింది. మొదటి సాయంత్రమే చూడ్డానికి పదిహేను మంది స్నేహితులు వచ్చారు. పిల్లలు కౌగిలించుకున్నారు. మర్నాడు షాంపూతో స్నానం, ఆ తర్వాత బొమ్మలు కొనడానికి పెద్ద దుకాణం, మూడో రోజు పార్కు. నాలుగో రోజు బల్ల కింద నక్కిన కుక్క కోసం పిల్లవాడు చెయ్యి పెడితే గుర్రుమంది. అయిదో రోజు షెల్టరుకి తిరిగి వచ్చేసింది. వాళ్ల ప్రేమలో ఏ లోపమూ లేదు. కాకపోతే ఆ నాలుగు రోజుల్లో తన ఇష్టప్రకారం జరిగినది ఒక్కటీ లేదు ఆ కుక్కకి.

మన పల్లెల్లో పెద్దవాళ్లకి ఇది బాగా తెలుసు. సంతలో గేదెని కొని తోలుకొస్తే మొదటి రోజే పాలు ఇమ్మని మీద పడేవాళ్లు కాదు. కొత్త చోట గేదె చేపదు. కుడితి పెట్టి, ఇంట్లో ఒక్క మనిషే దాని దగ్గర మసులుతూ, బెదురు తీరేదాకా ఆగేవాళ్లు. 'మచ్చిక' అన్న మాట మనకి ఉండనే ఉంది. ఆ గేదెకిచ్చిన వ్యవధి మనం కుక్కకి ఇవ్వం. కుక్క అంటే చూడగానే ఎగిరి మీద పడాలని మనకో నమ్మకం.

ఇక్కడి షెల్టర్లవాళ్లు మూడు-మూడు-మూడు అని చెబుతారు. తల తిరుగుడు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనిపించడానికి మూడు నెలలు. ఇదేం శాస్త్ర సిద్ధాంతం కాదు, గుర్తుండటానికి చెప్పే లెక్క. బాగా బెదిరిన కుక్కకి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు.

మల్లి మా ఇంట్లో అడుగుపెట్టగానే బట్టలుతికే మెషీన్ వెనక దూరింది. మేం లాగలేదు. అక్కడే ఒక పాత దుప్పటి, నీళ్లు, తిండి పెట్టాం. రోజూ ఒకే వేళకి తిండి, ఒకే తలుపులోంచి పెరట్లోకి, ఒకే మనిషి. నేను వెళ్లి పక్కకి తిరిగి నేలమీద కూర్చుని ఏదో పుస్తకం చదువుకునేదాన్ని. కళ్లలోకి చూడటం, మీదికి వంగడం, తలమీద చెయ్యి పెట్టడం - మనకి ఇవి ఆప్యాయత, భయపడే కుక్కకి ఇవే బెదిరింపు. ఉడికించిన చికెన్ ముక్కలు, చిటికెన వేలి గోరంతవి, నా దగ్గరికి కాకుండా దాని వెనక్కి విసిరేదాన్ని. వింతగా ఉంటుంది వినడానికి. తినాలంటే అది నాకు దూరంగా వెళ్తుంది, ఊపిరి పీల్చుకుంటుంది, తర్వాత తనంతట తను ఒక అడుగు ముందుకేస్తుంది. చేతిలో తిండి చూపించి దగ్గరికి రప్పిస్తే ఆశకొద్దీ వస్తుంది గానీ, తిండి అయిపోగానే మనిషికి ఇంత దగ్గరగా ఉన్నానేమిటని హడలిపోతుంది.

మా అత్తగారు అప్పుడు గుడివాడ నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడకి కుక్కలంటే చచ్చేంత భయం, మైల కూడాను. వంటింటి పక్కన కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకునేవారు. కుక్క వంక చూడరు, పిలవరు, ముట్టుకోరు. తొమ్మిదో రోజున మల్లి మెషీన్ వెనకనుంచి వచ్చి ఆవిడకి రెండు గజాల దూరంలో పడుకుంది. "ఇదేమిటమ్మాయ్, ఇంతమంది ఉండగా నా దగ్గరికొచ్చింది?" అన్నారావిడ కాళ్లు పైకి పెట్టుకుని. ఇంతమందిలో తననుంచి ఏమీ కోరని మనిషి ఆవిడొక్కరే కదా! మీ ఇంటికి తల్లిదండ్రులు ఆరునెలలకి వస్తే, వాళ్లకి కుక్కలంటే భయమైతే, వాళ్లని బలవంతపెట్టకండి. ఇద్దరి మధ్యా ఒక బేబీ గేటు పెట్టండి. ఒకరినొకరు భయపడుతూనే బాగా సర్దుకుంటారు.

ఇందులో శాస్త్రం ఏమైనా ఉందా అని అడిగేవాళ్లు మనలో ఎక్కువ. ఉంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలు కుందేలంటే భయపడే పీటర్ అనే పసివాడి కథ ప్రచురించింది. పిల్లవాడు ఇష్టమైనది తింటుంటే కుందేలుని దూరంగా ఉంచి, వాడు కంగారుపడనంత మేరకే రోజురోజుకీ దగ్గరకు జరిపారు. చివరికి ఆ పిల్లవాడు కుందేలుని నిమిరాడు. బెదిరిన కుక్కతో మనం చెయ్యవలసింది ఇదే. ప్రెషర్ కుక్కర్ విజిల్ తీసుకోండి, మన ఇళ్లలో కుక్కల ప్రథమ శత్రువు అదే. ఆ విజిల్‌ని ఫోనులో రికార్డు చేసి, వినీ వినపడనంత చిన్నగా మోగించి, వెంటనే చికెన్ ముక్క ఇవ్వండి. చెవి రిక్కించి తిండి కోసం మీ వంక చూసిందంటే ఇంకో పిసరు పెంచండి. వరస మాత్రం తప్పకూడదు: ముందు చప్పుడు, తర్వాత తిండి. తిరగేస్తే తిండి కనబడగానే ఏదో ప్రమాదం ముంచుకొస్తోందని అది హడలిపోతుంది. ముక్క నోటి ముందు పెట్టినా తినడం లేదంటే చప్పుడు ఎక్కువైందని అర్థం, తగ్గించాలి.

ఇంకో ప్రయోగం ఉంది, చెప్పుకోవడానికే కష్టంగా ఉంటుంది. 1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సెలిగ్మన్, మేయర్ అనేవాళ్లు కుక్కలకి తప్పించుకునే వీలు లేకుండా కరెంటు షాకులిచ్చారు. తర్వాత చిన్న అడ్డు దాటితే తప్పించుకోగలిగే చోట పెట్టినా, చాలా కుక్కలు ప్రయత్నించకుండా అలాగే పడి ఉన్నాయి. నిస్సహాయతని నేర్చుకున్నాయి అన్నారప్పుడు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని తిరగరాశారు. విడవకుండా కష్టం వస్తే పడి ఉండటం మెదడుకి పుట్టుకతో వచ్చిన స్పందనేనట. నేర్చుకోవలసింది రెండోది: నేను చేసిన పనికి ఫలితం ఉంటుంది అన్నది. కుక్కకి ధీమా అంటే ఇదే. మనం పంచే ప్రేమలో అది ఉండదు, దాని మాట చెల్లుబాటయిన ప్రతిసారీ ఒక్కో చుక్కగా చేరుతుంది.

కాబట్టి చెల్లనివ్వండి. మెడ పక్కన మూడు క్షణాలు నిమిరి చెయ్యి తీసెయ్యండి. ఇంకా కావాలంటే మీదికి ఒరుగుతుంది, వద్దంటే మొహం తిప్పుకుంటుంది. తిప్పుకుంటే లేచి వెళ్లిపోండి. అరచేతిని ముక్కుతో తాకితే ఒక ముక్క ఇచ్చే ఆట నేర్పండి. మనం దాన్ని ముట్టుకోవడం కాదు, అది మనల్ని ముట్టుకోవడం. నడకకి తీసుకెళ్తే మైలు దూరం లెక్కలొద్దు, ఒకే చెట్టు దగ్గర పది నిమిషాలు వాసన చూస్తానంటే చూడనివ్వండి. రోజూ తినే తిండిలో గుప్పెడు పచ్చికలో చల్లి వెతుక్కోనివ్వండి. నిద్ర రాకపోయినా ఆవులించడం, తిండి లేకపోయినా మూతి నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం - ఇవన్నీ 'కాస్త ఆగు' అన్న విన్నపాలు. వీటిని పట్టించుకోకపోతేనే గుర్రు దాకా వస్తుంది. గుర్రుమన్నదని కొట్టకండి. కొడితే గుర్రుమనడం మాని, హెచ్చరిక లేకుండా కరవడం నేర్చుకుంటుంది.

కొట్టడం అంటే గుర్తొచ్చింది. ధర్మరాజు వెంట స్వర్గం గుమ్మం దాకా వెళ్లిన కుక్క గురించి మన సభల్లో అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆదిపర్వం మొదట్లో వచ్చే సరమ కథ ఇష్టం. జనమేజయుడి యాగశాలకి దేవశుని సరమ కొడుకు వస్తే రాజుగారి తమ్ముళ్లు కొడతారు. తల్లి వచ్చి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డని ఎందుకు కొట్టారని నిలదీసి, ఎక్కడినుంచి వస్తుందో తెలియని భయం మీకు కలుగుతుందని చెప్పి పోతుంది. చీపురు ఎత్తితే, టోపీ పెట్టుకున్న మనిషి కనబడితే వణికిపోయే కుక్కల్ని చూసినప్పుడల్లా ఆ శాపం సరమ సంతతికే తిరిగి తగిలిందా అనిపిస్తుంది.

మనం యజమాని అని దానికి తెలియజెప్పాలి, లొంగదియ్యాలి అనే సలహా ఇప్పటికీ వినబడుతుంది. 'ఆల్ఫా తోడేలు' అన్న మాటని 1970లో తన పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన డేవిడ్ మెక్ గారే 1999లో అది సరికాదని రాశారు. అడవిలో తోడేళ్ల మంద అంటే తల్లీ తండ్రీ పిల్లలూ, అంతే. ఆ విషయం అక్కడితో వదిలేద్దాం.

మరీ చెడిపోయిన కుక్కలు బాగుపడతాయా అని కొందరు అడుగుతారు. 2007లో వర్జీనియాలో ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్ స్థలంలో పట్టుబడిన పందెం కుక్కల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి వాటిని చంపెయ్యడమే అప్పటి ఆనవాయితీ. ఈసారి కోర్టు అవకాశమిచ్చింది. వాటిలో ఇరవై రెండింటిని యూటాలోని బెస్ట్ ఫ్రెండ్స్ ఆశ్రమం తీసుకుంది. చూస్తే చాలావాటిలో కసి కంటే భయమే ఎక్కువ. కొన్ని జీవితాంతం అక్కడే ఉన్నాయి, కొన్ని ఇళ్లకి చేరి మంచాల మీద నిద్రపోయాయి. అన్నీ బాగుపడ్డాయని చెప్పను. మల్లి కూడా నాలుగు నెలల తర్వాత పిల్లలు పెద్దవాళ్లైపోయిన ఒక జంట ఇంటికి వెళ్లింది. ఈనాటికీ కొత్తవాళ్లొస్తే మేడమీదికి వెళ్లిపోతుంది. వాళ్లు వెళ్లనిస్తారు.

మన ఇళ్ల సంగతులు కొన్ని. వ్రతానికి, పుట్టినరోజుకి నలభై మంది వస్తారు. ఆ పూట కుక్క పైగదిలో ఉండాలి, తలుపు మీద కాగితం అంటించాలి. పోపు ఘాటుకి స్మోక్ అలారం మోగుతుంది, ముందే ఫ్యాను వెయ్యండి. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూరలు, కిస్మిస్ వేసిన పాయసం కుక్కకి విషం, ప్రేమకొద్దీ ముద్ద పెట్టే తాతగార్లకి ఇది మరీమరీ చెప్పాలి. శాకాహారులు చికెన్ బదులు పనీర్ చిన్న ముక్కలు, ఉడికించిన క్యారట్ వాడండి.

ఎంత చేసినా అది నిద్రపోకుండా, తినకుండా వణుకుతుంటే డాక్టరుకి చూపించండి. చెవి పోటు, పంటి నొప్పి, తుంటి నొప్పి కూడా పిరికితనంలాగే కనబడతాయి. ఆందోళనకి మందులున్నాయి. ఒంటరిగా ఉండలేని కుక్కల కోసం ఫ్లూఆక్సెటిన్ మందుని 2007లోనే ఎఫ్‌డీఏ ఆమోదించింది. మనుషులకి ఇలాంటి మందంటేనే మొహం చిట్లించేవాళ్లం, కుక్కకా అంటాం. నేర్చుకునేంత స్థిమితం మందువల్ల వస్తే తప్పేముంది?

చివరగా ఈ వారాంతం జులై నాలుగు, కాబట్టి ఇది ఇప్పుడే చెప్పాలి. ఇంట్లో కుక్కని ఎవరికో అప్పగించి వచ్చినవాళ్లు ఈ హాలు దాటగానే ఫోన్ చెయ్యండి. చీకటి పడకముందే నడక ముగించమనండి. కొత్తగా వచ్చిన కుక్కయితే మెడపట్టీకొకటి, హార్నెస్‌కొకటి, రెండు లీష్‌లు ఉండాలి. బెదిరిన కుక్క మెడపట్టీలోంచి తల వెనక్కి లాక్కుని క్షణంలో మాయమవుతుంది. బిళ్ల మీద మీ ఇప్పటి ఫోన్ నంబరే ఉందా, మైక్రోచిప్ రికార్డులో పాత ఇంటి అడ్రసు ఉండిపోయిందా చూడమనండి. కిటికీల్లేని గది, ఫ్యాను చప్పుడు, పాత దుప్పటి. దగ్గరికొస్తే ఒళ్లు నిమరమనండి. నిమిరితే భయం అలవాటవుతుందన్నది ఉత్త మాట. మల్లి మా ఇంట్లో ఉన్న ఏడాది ఆ రాత్రంతా స్నానాల తొట్టిలో పడుకుంది. మేం లైటు ఆర్పి, తలుపు ఓరగా తీసి ఉంచాం.

ప్రశ్నలుంటే అడగండి, ఇంకా పది నిమిషాలుంది.