మన పాఠశాలకు ఎట్టి కెమేరా కావలెను?

(షోలాపురమున జరిగిన తల్లిదండ్రుల సభలో కార్యవర్గము పక్షమున చేసిన ప్రసంగము)



నేడు చర్చకు వచ్చిన విషయము చిన్నదిగా కన్పట్టును. పాఠశాలకు కెమేరా కొనుటకై దాతలు కొందరు విరాళము వాగ్దానము చేసియున్నారు. వారికి మేము కృతజ్ఞులము. కాని ఎట్టి కెమేరా కొనవలెనను విషయమున మనలో రెండు పక్షములు ఏర్పడినవి. పెండ్లిండ్లలో ఫోటోగ్రాఫర్లు వాడునట్టి పెద్ద డి.ఎస్.ఎల్.ఆర్. కెమేరా కొనినగాని పాఠశాలకు గౌరవము కాదని ఒక పక్షము. జేబులో ఇముడు చిన్న డిజిటల్ కెమేరా చాలునని వేరొక పక్షము. ఉభయులు కోరునది పాఠశాల మేలే. కావున డబ్బు చెల్లించుటకు ముందే మంచిచెడ్డలు మీ యెదుట ఉంచుట మా ధర్మమని తలచితిమి.

మొదట మా తప్పు ఒకటి చెప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రితము మేము ఒక పెద్ద కెమేరానే కొంటిమి. విలువైన వస్తువు కదా యని బీరువాలో పెట్టి తాళము వేసితిమి. తాళపుచెవి మాలో ఒకరి వద్ద ఉండెడిది. దానిని వాడుట తెలిసినవారును వారొక్కరే. ఒక సంవత్సరము ఆగస్టు 7వ తేదీన, జాతీయ చేనేత దినమున, మన విద్యార్థి ఒకరి నాయనమ్మగారు పాఠశాలకు వచ్చిరి. వ్రేళ్లకు బూడిద అద్దుకొని, పాత పడుగు కొనలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అచ్చు అతుకుట ఎట్లో పిల్లలకు చూపిరి. మరమగ్గముల చప్పుడులో పెరిగిన మన పిల్లలు ఆ పనిని చూచుట అదే మొదటిసారి. ఆనాడు తాళపుచెవి ఉన్నవారు ఊరిలో లేరు. బీరువా తెరువబడలేదు.

తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె తండ్రిగారి పాత చిన్న కెమేరాను సంచిలో తెచ్చుకొనియుండెను. ఆమె నాలుగు బొమ్మలు తీసెను. మూడు కదలిపోయినవి, ఒకటి మాత్రము నిలిచెను. దీపావళి రాకమునుపే ఆ నాయనమ్మగారు కాలధర్మము చెందిరి. మేము ఆ బొమ్మను అచ్చువేయించి ఇంటికి తీసికొనిపోగా, ఆధార్ కార్డుపైని ముఖము తప్ప ఆమె బొమ్మ తమకు వేరొకటి లేదని, పని చేయుచున్న చేతులు ఇందులోనే కన్పడుచున్నవని కుటుంబమువారు కన్నీరు పెట్టుకొనిరి. మేము సిగ్గుతో తిరిగివచ్చితిమి.

ఇది విని చిన్న కెమేరాయే మేలని వెంటనే తీర్పు చెప్పినచో అది కూడ తొందరపాటే అగును. రెండింటి స్వభావమును కొంత తెలిసికొందము.

డి.ఎస్.ఎల్.ఆర్. కెమేరాలో లెన్సు వెనుక ఏటవాలుగా ఒక అద్దము ఉండును. లెన్సు ద్వారా వచ్చిన వెలుతురు ఆ అద్దముపై పడి, పైనున్న గాజు పట్టకము గుండా మన కంటికి చేరును. మీట నొక్కగానే అద్దము పైకి లేచును. వెలుతురు వెనుకనున్న సెన్సరుపై పడి బొమ్మ ఏర్పడును. చూపు లెన్సు గుండానే సాగును గనుక ఆలస్యము లేదు. తెరను వెలిగించి ఉంచనక్కరలేదు గనుక ఒకసారి నింపిన బ్యాటరీ చాల సేపు పనిచేయును. అవసరమునకు తగిన లెన్సును మార్చుకొనవచ్చును. చిన్న కెమేరాలో అద్దము లేదు, లెన్సును మార్చుటకు వీలులేదు, వెనుకనున్న తెరయే కన్ను. బ్యాటరీ రెండుమూడు వందల బొమ్మలకు సరిపోయిన మేలే.

అసలు భేదము సెన్సరు వైశాల్యములో ఉన్నది. పెద్ద కెమేరాలలో పూర్తి పరిమాణము గల సెన్సరు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. అనగా 864 చదరపు మిల్లీమీటర్లు. సామాన్యమైన చిన్న కెమేరాలో అది సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు మాత్రమే. ముప్పది రెట్ల భేదము! వాన కురియునప్పుడు వాకిట పెట్టిన గంగాళమునకును చెంబునకును ఎట్టి తారతమ్యమో, వెలుతురు విషయమున వీనికిని అట్టిదే. మిట్టమధ్యాహ్నపు ఎండలో రెండును నిండును. మసక వెలుతురులో చెంబు వెలితిగనే ఉండును. అందుచేతనే సాయంకాలపు వార్షికోత్సవమున చిన్న కెమేరాతో తీసిన నాటకపు బొమ్మలు నల్లబడి, చుక్కలు చుక్కలుగా వచ్చినవి.

రెండింటికిని నడుమ ఇంకొక జాతి కలదు. చిన్న కెమేరాలలోనే కొన్నింటికి ‘ఒక అంగుళము’ అనబడు సెన్సరు ఉండును. పేరు విని మోసపోరాదు. దాని కొలత 13.2, 8.8 మిల్లీమీటర్లు మాత్రమే. అయినను సామాన్యమైన దానికి ఇది నాలుగు రెట్లు పెద్దది.

మెగాపిక్సెళ్ల సంఖ్య చూచి భ్రమపడనక్కరలేదు. ఏ4 కాగితము నిండుగ స్ఫుటముగా అచ్చగుటకు సుమారు 9 మెగాపిక్సెళ్లు చాలును. నేటి కెమేరాలలో అంతకు తక్కువైనది దొరకుట అరుదు.

పెద్ద, చిన్న అను మాటలు కూడ కాలమును బట్టి మారునవే. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా ప్రసిద్ధికెక్కిన రాజా దీనదయాళుగారు గాజు ఫలకములపై చిత్రములు తీసిరి. ఆ కెమేరాలను మోయుటకు మనుష్యులు కావలసియుండెడిది. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అను యంత్ర నిపుణుడు ఉబ్బస రోగి. బరువైన ఫలకముల పెట్టెను మోయలేక, సినిమా ఫిల్ముతో పనిచేయు చిన్న కెమేరాను ఆయన రూపొందించెను. అదియే 1925లో విపణిలోనికి వచ్చిన లైకా. దాని బొమ్మ కొలత 36, 24 మిల్లీమీటర్లు. నేడు మనము ‘పూర్తి పరిమాణము’ అని గౌరవించుచున్న కొలత ఆనాడు మోయలేనివాని కొరకు పుట్టిన చిన్న కొలతయే!

కావున మనము అడుగవలసిన ప్రశ్న వేరు. దేనిని తీయవలెను? ఎచ్చట తీయవలెను? ఎవరు తీయవలెను?

మన పాఠశాలకు నాలుగు పనులు కలవు. మొదటిది, వార్షికోత్సవము. వేదిక దూరము, వెలుతురు తక్కువ, పాత్రధారులు కదలుచుందురు. ఇది నిస్సందేహముగ పెద్ద కెమేరా పని. కాని ఇది సంవత్సరమునకు ఒక్క సాయంకాలము. రెండవది, శ్రావణ పూర్ణిమ నాటి మార్కండేయ రథోత్సవము. పట్టపగలు, జనసమ్మర్దము. అచ్చట రెండు కిలోల బరువును మెడకు వ్రేలవేసికొని పిల్లవాడు కదలజాలడు; మూడువందల గ్రాముల చిన్న కెమేరాయే తగినది. మూడవది, ఇండ్లలోని పాత కాగితములు. తెలంగాణము నుండి వచ్చిన మన పెద్దలు దాచిన పత్రములు తెలుగులోనే గాక ఉర్దూలోను, మరాఠీ మోడి లిపిలోను ఉన్నవి. కిటికీ ప్రక్క నీడలో కాగితమును పరచి, ఫ్లాష్ వేయక, కెమేరాను ట్రైపాడుపై నిలిపి, మీట నొక్కిన రెండు సెకన్లకు బొమ్మ తీయునట్లు అమర్చినచో చిన్న కెమేరా ఈ పనిని చక్కగా నెరవేర్చును. చిన్న సెన్సరు గలదానిలో ముందు వెనుకలు రెండును స్ఫుటముగా వచ్చును గనుక ముడుతలుపడిన కాగితమునకు అది మేలు కూడ.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది, మన మగ్గములు, వృద్ధులు. మగ్గపు శాలలో వెలుతురు తక్కువ; నాడె పరుగెత్తుచుండును. పెద్ద కెమేరాకు ఇచ్చట బలము కలదు. కాని ఒక చిక్కు కూడ కలదు. నూలు దూది గాలిలో తేలుచున్నచోట లెన్సును విప్పి మార్చినచో ఆ నూగు లోపల చేరి సెన్సరుకు అంటుకొనును. తరువాత తీసిన ప్రతి బొమ్మలోను ఒకేచోట నల్లని మచ్చ. మా పాత కెమేరాకు పట్టిన గతి ఇదియే. లెన్సు విప్పుటకు వీలులేని చిన్న కెమేరాలో ఈ భయము చాల తక్కువ.

నేడు ప్రతి ఇంట ఫోను ఉండగా కెమేరా యేల యని కొందరు అడిగిరి. ప్రశ్న సమంజసమే. కాని పాఠశాలకు ఫోను తేరాదని మనమే నియమము పెట్టితిమి. అంతేగాక ఫోనులోని బొమ్మ ఆ ఇంటిది. ఫోను చెడిన నాడు దానితోనే పోవుచున్నది. పాఠశాల కెమేరాలోని బొమ్మ అందరిది.

పెద్ద కెమేరా కోరు మిత్రులు ఇంకొకటి గమనించవలెను. దేహము కొన్నంత మాత్రమున పని తీరదు. వేదికకు ఒక లెన్సు, గదికి ఒక లెన్సు, సంచి, బ్యాటరీ, వీనికన్నిటికి వేరుగా ధనము కావలెను. ఏనుగును కొని అంకుశమునకు బేరమాడిన చందము కారాదు. పైగా కానన్, నికాన్ వంటి సంస్థలు ఇటీవల అద్దము లేని కెమేరాలవైపు మరలుటచే కొత్త డి.ఎస్.ఎల్.ఆర్. నమూనాలు వచ్చుట అరుదైనది. వాడిన కెమేరాలు చౌకగా దొరకుచున్నవి. మున్ముందు కొనదలచినచో, అంతవరకు దాని షట్టరు ఎన్నిసార్లు పనిచేసెనో విచారించి, వాడుట తెలిసినవారు కనీసము ముగ్గురు ఏర్పడిన పిమ్మట కొందము.

ఇక మా ప్రతిపాదన. ఒక అంగుళపు సెన్సరు గల చిన్న కెమేరా ఒకటి కొందము. మిగిలిన ధనముతో ఒక ట్రైపాడు, అదనపు బ్యాటరీ, బొమ్మలు భద్రపరచుటకు రెండు హార్డ్ డిస్కులు కొందము. ఒకటి పాఠశాలలోను, ఒకటి సంఘ కార్యాలయములోను ఉండును. వార్షికోత్సవపు ఒక్క సాయంకాలమునకు వృత్తిదారుని పిలిపింతము. కెమేరాకు తాళము వద్దు. ఒక రిజిస్టరు చాలును. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు సంతకము చేసి తీసికొనిపోవుదురు. తీసిన ప్రతి బొమ్మకు పేరు, ఊరు, తేదీ, చేయుచున్న పని తెలుగులో వ్రాసి తెత్తురు. ఆ వ్రాతయే మన భాషకు అభ్యాసము. పేరు లేని బొమ్మ యాబది ఏండ్ల తరువాత ఎవరిదో తెలియని ముఖమగును.

పిల్లవాని చేతినుండి జారి పగిలిన ఏమి చేయుదురని మీరడుగవచ్చును. పగులవచ్చును. పగిలిన కెమేరాను మరల కొనగలము. ఆనాడు మూసియుంచిన బీరువా మనకు ఎంత నష్టము కలిగించెనో, దానిని పూడ్చుటకు మాత్రము ఏ దుకాణములోను వస్తువు దొరకదు.

తల్లిదండ్రులారా, మీ ఇంట అచ్చు అతుకగల అవ్వ, మగ్గము నేయగల తాత ఉన్నచో వచ్చే ఆదివారము నుండి మా పిల్లలకు ఒక గంట అనుమతి ఈయుడు. ఈ ప్రతిపాదనపై మీ అభిప్రాయము నిర్మొగమాటముగా చెప్పుడు. భిన్నాభిప్రాయమును కూడ మేము సంతోషముతో స్వీకరింతుము.