సర్వాయి పాపని ఖిల్లతు



నా చిన్ననాట జమ్మికుంటలో శారదకాండ్రు సర్వాయి పాపని కథ చెప్పుచుండగా తెల్లవారుదాక కూర్చుండి వింటిని. “కోట కట్టుకొన్నవానికి పాదుషా కొలువేల, తాతా?” అని నేనడిగితిని. “కోట తానే కట్టుకొనవచ్చును బిడ్డా! మర్యాద మాత్ర మింకొకరు ఈయవలయును” అని మా తాతగారు సెలవిచ్చిరి. ఆ మాటయే నా యీ ప్రసంగమునకు మూలము.

పాపడు కల్లుగీత కులమున బుట్టినవాడు. కులవృత్తి విడిచి యాయుధము పట్టెను. కౌలాసు జమీందారగు వెంకటరావు కొలువున జమాదారై కొంత సైన్యమునకు నాయకుడయ్యెను. కాని దోపిడి మానలేదు. ఆ జమీందారే యాతనిని చెరసాలలో నుంచెను. కొడుకు జబ్బు నయమగునని జమీందారు భార్య ఖైదీలను విడిపింపగా బయటపడి, షాపురమున కోట కట్టి, తనకు తానే దొరయయ్యెను.

1707లో ఔరంగజేబు మరణించెను. అన్నదమ్ములు సింహాసనమునకై కత్తులు దూసిరి. హైదరాబాదు కామబక్షు చేతిలో నుండెను. పెద్దవాడగు బహదూర్ షా వానిపైకి దండెత్తి వచ్చుచుండెను. పాలన సడలిన యీ కాలముననే, 1708లో, పాపడు ఓరుగల్లును కొల్లగొట్టెను. ధనముతో తృప్తిపడక స్త్రీలను, బిడ్డలను చెరగొనిపోయెను. వాని సాహసమును మెచ్చుకొనువారు ఈ పాపమును మరువరాదు.

1709 జనవరిలో కామబక్షు ఓడి, గాయములచే మరణించెను. విజేత హైదరాబాదులో దర్బారు తీర్చెను. పాపడు 14 లక్షల రూపాయలను, సేనకు వలయు ధాన్యమును కానుకగా సమర్పించి ఖిల్లతు పొందెను. ఖిల్లతనగా కేవలము పట్టుబట్ట కాదు. ప్రభువు తనవానిగా నంగీకరించెననుటకు గుర్తు. దూరము నుండి నడచి వచ్చిన సేనకు ధనధాన్యము లవసరము. పాపనికి మర్యాద యవసరము. బేరము కుదిరెను.

అది యెన్నాళ్లు నిలిచెను? చెరబడినవారి బంధువులు మొరపెట్టుకొనిరి. కల్లుగీతవానికి రాజలాంఛనమా యని పెద్దలు కోపించిరి. న్యాయమైన మొరయు, కులగర్వమును ఒక్క నోటనే పలికెను. పాదుషా మనసు మారి, పాపని నణచుమని సుబేదారున కాజ్ఞ యిచ్చెను. 1710లో పాపడు పట్టువడి చంపబడెను.

పెద్దలారా! కలహకాలమున మీ పిల్లలు పదవి గోరి పోవునపుడు, ఇచ్చువాని యవసర మేమి, అది తీరిన పిదప ఆ పదవి యేమగును అని యడిగి చూడుడు. బీదకులమువాని శౌర్యమునకు న్యాయమైన దారి లేనిచోట, అది దోపిడిలోనికి దిగును. ఆ దారి తెరచుట ప్రభువుల పని. దోపిడిని శౌర్యమని పొగడకుండుట మన పని.