పలుకని తెర

పెండ్లి ఇంట వాకిట నిలిచి, వచ్చినవారిని పలుకరించు పెద్దమనిషి ఒకరుందురు. వంట ఎంతవరకు వచ్చినదో వారికి తెలియవలసినదే. అంతమాత్రముచేత వారే గాడిపొయ్యి యొద్దకు పోయి, అన్నము ఉడుకువరకు అచ్చటనే నిలిచిపోయినచో వాకిటికి వచ్చిన బంధువుల గతి యేమి? లోపల పని చక్కగానే సాగుచుండును. బయట నిలిచినవారికి మాత్రము ఆ ఇంట పలుకు దిక్కు లేదని తోచును. కంప్యూటరు తెర మీద విండోలుగా కనబడు ప్రోగ్రాములలో ఇట్టి పొరపాటే తరచు జరుగుచున్నది. దానిని గూర్చియు, దానిని తప్పించు విధమును గూర్చియు నేడు మనవి చేయుదుము.

మొదట మా అనుభవమును చెప్పుట న్యాయము. ఒక చిన్న గ్రంథాలయములోని పాత తెలుగు పుస్తకముల పుటలను ఫొటోలు తీసి, ఆ బొమ్మలలోని అక్షరములను దిద్దుటకు వీలైన పాఠముగా మార్చుటకై మేమొక ప్రోగ్రామును వ్రాసితిమి. అక్షరములను గుర్తించు విద్య మా ప్రోగ్రామునకు రాదు. దానికి టెసెరాక్ట్ అను వేరొక ప్రోగ్రాము కలదు. అది 1985లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థలో ఆరంభమై, 2005లో అందరును స్వేచ్ఛగా వాడుకొనునట్లు విడుదలయ్యెను. తెలుగు లిపిని కూడ చదువగలదు. దానిని పిలిచి, పుటలను అందించి, అది యిచ్చిన పాఠమును తెర మీద చూపుట వరకే మా ప్రోగ్రాము పని.

ఉద్యోగవిరమణ చేసిన ఒక తెలుగు మాస్టారు ఆ పాఠమును దిద్దుటకు ఒప్పుకొనిరి. ఒకనాడు వారు ఉదయమంతయు కూర్చుండి 30 పుటలు దిద్ది, తరువాతి అధ్యాయమును చదివించుటకు బటను నొక్కిరి. తెర బిగుసుకొనిపోయెను. మౌస్ నొక్కినను చలనము లేదు. కొంతసేపటికి, ఈ ప్రోగ్రాము స్పందించుట లేదు, ఆపివేయవలెనా, వేచియుండవలెనా అని కంప్యూటరు అడిగెను. మాస్టారు ఓపిక పట్టినంతసేపు పట్టి, చివరకు ఆపివేయుమనిరి. దిద్దిన పుటలను ప్రోగ్రాము అప్పటికింకను భద్రపరచియుండలేదు, అన్నియు పోయినవి. "బాబూ, నేనేదో నొక్కరానిది నొక్కినట్లున్నాను" అని వారు నొచ్చుకొనిరి. తప్పు వారిది కాదు, ముమ్మాటికి మాది. టెసెరాక్ట్ ఆ సమయమున తన పనిని చక్కగా చేయుచునే యుండెను.

ఇది యెట్లు జరిగినదో చూతము. విండో గల ప్రోగ్రాములో ప్రధాన థ్రెడ్డు అని యొకటి యుండును. మౌస్ కదలినదా, బటను నొక్కబడినదా, తెరను మరల గీయవలెనా అని అది నిరంతరము విచారించుచు, ఒక్కొక్క కబురును అందుకొని, దానికి తగిన పని చేసి, మరల తన స్థానమునకు వచ్చును. ఈ తిరుగుడునే ఈవెంట్ లూపు అందురు. ఒక కబురునకు సమాధానముగా చేయు పనియే మూడు నిమిషములు పట్టినచో, ఆ మూడు నిమిషములును తక్కిన కబుర్లన్నియు వరుసలో పడియుండవలసినదే. మేము ఆ థ్రెడ్డులోనే టెసెరాక్టును పిలిచి, అది ముగియువరకు వేచియుండుమని వ్రాసితిమి.

ఈ అలవాటు మాకు ఎచ్చటనుండి వచ్చినది? 1969లో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ పుట్టిన నాళ్లలో మనిషి టెర్మినలు ముందు కూర్చుండి ఒక ఆజ్ఞను టైపు చేయును. షెల్ అను ప్రోగ్రాము ఆ పనికి వేరొక ప్రాసెస్‌ను పుట్టించి, అది ముగియువరకు వేచియుండి, పిమ్మట రెండవ ఆజ్ఞను అడుగును. అచ్చట వేచియుండుటయే మర్యాద. విండోల కాలములో మనిషి ఒక్క ప్రశ్న వేసి ఊరకుండడు. ఒక మూల పని సాగుచుండగా వేరొక మూల చదువును, దిద్దును, మనసు మార్చుకొని వద్దనును. పాత మర్యాద ఇచ్చట అపచారమగుచున్నది. జేకబ్ నీల్సన్ 1993లో ప్రకటించిన గ్రంథములో మూడు హద్దులు చెప్పెను: సెకనులో పదవ వంతు లోపల సమాధానము వచ్చినచో వెంటనే వచ్చినట్లుండును, ఒక సెకను వరకు ఆలోచన తెగదు, 10 సెకనులు దాటినచో మనసు వేరొక దానిమీదికి పోవును. విండోస్‌లో ఒక ప్రోగ్రాము 5 సెకనులు కబుర్లు అందుకొనకున్నచో, అది స్పందించుట లేదని ఆ వ్యవస్థయే చాటును.

మేము చేసిన మొదటి మరమ్మతు ఇది: టెసెరాక్ట్ కొరకు వేచియుండు పనిని వేరొక థ్రెడ్డునకు అప్పగించితిమి. ప్రధాన థ్రెడ్డు వాకిటనే నిలిచెను. తెర చక్కగా పలికెను. చిన్న అధ్యాయములు బాగుగనే వచ్చినవి. పెద్ద అధ్యాయము మాత్రము నడుమ నిలిచిపోయి, గంట గడచినను ముగియలేదు. కారణము పైపు. ఒక ప్రాసెస్ వ్రాసినది వేరొకదానికి చేరు మార్గమే పైపు. యూనిక్స్‌లో అది 1973 నుండి కలదు. దానిని బావికి, పొలమునకు నడుమనున్న నీటి తొట్టి యనుకొనుడు. లినక్స్‌లో ఆ తొట్టి మామూలుగా 65,536 బైట్లు పట్టును. తొట్టి నిండినచో తోడువాడు ఆగవలసినదే. మా థ్రెడ్డు, పని ముగిసిన తరువాత చదువుదము అని కూర్చుండెను. టెసెరాక్ట్, తొట్టి ఖాళీ అయిన తరువాత వ్రాయుదము అని నిలిచెను. ఒకరికొకరు కాచుకొని ఇద్దరును కదలలేదు. కావున వచ్చినది వచ్చినట్లు చదువుచుండవలెను. ఫలితము వచ్చు పైపును, తప్పులు తెలుపు పైపును, రెండింటిని చదువవలెను. ఒక్కదానిని మరచినను ఇదే చిక్కు.

తెలుగువారికి ఇందులో మరియొక మెలిక కలదు. నేడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో మన లిపి గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు. 'తె' అను అక్షరములో త యను గుర్తును, ఎత్వమును కలవు గనుక దానికి 6 బైట్లు. పైపులో బైట్లు వచ్చు విడతలకు మన అక్షరముల హద్దులు తెలియవు. ఒక గుర్తు సగము ఈ విడతలోను, సగము తరువాతి విడతలోను రావచ్చును. వెంటనే అక్షరములుగా మార్చినచో అచ్చట ఒక చెత్త గుర్తు పడును. తెగిన బైట్లను దాచియుంచి, తరువాతి విడతతో కలిపి చదువవలెను.

ఇక సరియైన పద్ధతిని క్రోడీకరింతము. ప్రాసెస్‌ను ఆరంభించి వెంటనే మరలి రావలెను. క్యూటీ వంటి సాధనములలో క్యూప్రాసెస్ అనునది, చదువుటకు ఏదైన వచ్చినపుడును, పని ముగిసినపుడును, పని విఫలమైనపుడును, తానే కబురు పంపును; ఆ కబురు ఈవెంట్ లూపునకే చేరును. అట్టి సాధనము లేనిచోట వేరొక థ్రెడ్డు చదివి, చదివినదానిని ఒక వరుసలో పెట్టవలెను. తెర మీది వస్తువులను ప్రధాన థ్రెడ్డు మాత్రమే ముట్టవలెను. ఎన్ని పుటలలో ఎన్ని అయినవో చూపవలెను. పని సాగుచుండగా ఆరంభించు బటను రెండవమారు నొక్కుటకు వీలు లేకుండ చేసి, ఆపు బటనును మాత్రము తెరచియుంచవలెను. ఆపుమన్నపుడు మొదట మర్యాదగా ముగించుమని కోరి, కొన్ని సెకనులు చూచి, వినకున్నపుడే బలవంతముగా ఆపవలెను.

అన్నిటికంటె ముందు, వేరొక ప్రోగ్రామును పిలుచుటకు పూర్వమే మనిషి చేసిన పనిని భద్రపరుపవలెను. ఇది మాకు 30 పుటల వెల పెట్టిన పిమ్మట తెలిసినది. ఆ వెల ఇచ్చినది మేము కాదు, మాస్టారు. వారు మరల వచ్చి ఆ పుటలను మొదటినుండి దిద్దిరి. ఇపుడు బటను నొక్కగానే తెర మీద ఒక్కొక్క పుట సంఖ్య కదలుచుండును. ఆ లోపల వారు వెనుకటి అధ్యాయమును తీరికగా దిద్దుకొనుచుందురు. పని మునుపటికంటె వేగముగా జరుగుట లేదు. టెసెరాక్ట్ అదే, కంప్యూటరు అదే. లోపల పని జరుగుచున్నదని వారికి తెలియుచున్నది. కాదనుకొన్నపుడు ఆపు అధికారము వారి చేతిలో నున్నది. ప్రోగ్రాము వ్రాయువాడు ఎదుట కూర్చున్నవారికి చేయవలసిన కనీస మర్యాద ఇంతియే.