గేరు పడకపోతే ముందు క్లచ్ చూద్దాం



నాట్ల వేళ పాత ట్రాక్టరుకు గేరు పడకపోతే గేర్ బాక్సు పోయిందనుకుంటాం. వెంటనే బండి విప్పిస్తాం. డబ్బూ పోతుంది, అదనూ పోతుంది. చాలాసార్లు లోపం ఉండేది క్లచ్‌లోనే.

ముందు చదునైన చోట ఇంజన్ ఆపి గేర్లు వేసి చూద్దాం. పళ్లు అడ్డుపడితే బండిని కాస్త ముందుకూ వెనక్కూ కదపాలి. ఆపినప్పుడు సులువుగా పడి, ఇంజన్ నడుస్తుంటే గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట.

అప్పుడు పెడల్ లూజు కొలవాలి. చేత్తో నొక్కితే బరువు తగిలేదాకా పెడల్ దిగే దూరమే లూజు. చాలా మోడళ్లకు ఇది 2 నుంచి 3 సెంటీమీటర్లు. మన బండి కొలత కంపెనీ పుస్తకంలో ఉంటుంది. లూజు ఎక్కువైతే క్లచ్ విడవదు. రాడ్డు నట్టు తిప్పి సరిచేసుకోవాలి. అసలు లూజు లేకుండా బిగిస్తే ప్లేటు జారి కాలిపోతుంది.

ఇంజన్ ఆపినా గేరు గట్టిగానే ఉంటే ఆయిల్ చూడాలి. పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే. దమ్ము చేసిన బండ్లలో ఇది మామూలే. ఆ ఆయిల్ తీసేసి కొత్తది పోయించాలి.

ఇవన్నీ చూశాకే విప్పించుదాం. విప్పేటప్పుడు దగ్గరుందాం. ఏది అరిగిందో చూపించమని అడుగుదాం, తీసిన సామాను ఇంటికి తెచ్చుకుందాం. దున్నేటప్పుడు క్లచ్ మీద కాలు ఆనించే అలవాటు మానుకుందాం. అప్పు చేసి కొన్న బండిని మళ్లీ అప్పు చేసి విప్పించే పరిస్థితి మనకు రాకూడదు.