రెండవ పథ్యము

దేహభారమును తగ్గించు నుపాయములు చెప్పువారికి నేడు కొదువ లేదు. నేను ప్రసంగింపదలచినది దాని తరువాతి సంగతి. ఒకమాఱు శ్రమించి తగ్గినవాడు ఏడాది రెండేండ్లలో మరల మొదటికి వచ్చుట తఱచుగా చూచుచున్నాము. కొందఱు మొదటికంటె మించియు పోవుదురు. అట్టివారు రెండవమాఱు తగ్గుట యెట్లు, తగ్గినదానిని నిలుపుకొనుట యెట్లు అన్నదియే నేటి విషయము.

రాజవొమ్మంగి మన్యమునుండి స్థౌల్యమును గూర్చి మాటలాడుట కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును. 1922వ సంవత్సరమున ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న మా రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా బడిన అల్లూరి సీతారామరాజు దండు కొండదారులలో నడచిన దండు. ఆనాటి మన్యపు కూడు చోడి అంబలి, సామలు, అడవిదుంపలు. అట్టి నేలపై స్థూలకాయులెక్కడ అని మీరడుగవచ్చును. నేడు జడ్డంగినుండి సంతకు నడచివచ్చువారు అరుదు. ఆటోలు, మోటారుబండ్లు వచ్చినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిమ్మట తెల్లని వరియన్నము కొండయిండ్లలోను నిత్యభోజనమైనది. ఆకలి తీరినది, అది మేలే, దాని నెవ్వరును నిందింపరాదు. కాని చోళ్లు వెనుకబడినవి, నడక తగ్గినది. ఉద్యోగము చాలించి అరుగుపై గూర్చుండు నావంటివారి నడుముచుట్టు ఆ లెక్క కనబడుచున్నది.

మనవారికి పథ్యమనగా మండలదీక్ష. దానికొక మొదటి దినము, ఒక విడుపు దినము ఉండును. అయ్యప్పమాల ధరించి నలువదియొక్క దినములు ఒంటిపూట భోజనముతో, పాదరక్షలు లేక గడపినవారిలో కొందఱు సన్నబడి కనబడుదురు. సంక్రాంతి అరిసెలు ముగియునప్పటికి మరల యథాస్థితి. దీక్ష యుద్దేశము దేహభారము గాదు గనుక అందు దోషమేమియు లేదు. తగ్గుటకే పూనినవారుగూడ విడుపు దినమునకై వ్రేళ్లు లెక్కించుకొనుటయే వింత. 2017, 2018 ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణగారు ప్రచారము చేసిన పద్ధతి మన పల్లెలకును ప్రాకినది. అన్నము పూర్తిగా మానుట, కొబ్బరినూనె, నిమ్మరసము త్రాగుట అందలి ముఖ్యాంశములు. నేనెఱిగినవారిలో దానివలన త్వరితముగా తగ్గినవారు కలరు. కాని తెలుగువాడు అన్నము లేక ఎంతకాలముండును? విస్తరిముందు తిరిగి గూర్చున్నపుడు ఏమి చేయవలెనో వారిలో పలువురు ముందుగా ఆలోచించినవారు గారు.

నాతో చిరకాలము పనిచేసిన లెక్కల పంతులుగారొకరు కలరు. మోకాళ్ల నొప్పికి వైద్యులు బరువు తగ్గుమనగా, మూడు నెలలలో 12 కిలోలు తగ్గిరి. ఊరెల్ల మెచ్చినది. ఏడాదిన్నర గడచునప్పటికి 14 కిలోలు పెరిగిరి. మెచ్చిన నోళ్లే "పంతులుగారి పథ్యము గాలికి బోయినదే" అని సంతలో నవ్వినవి. ఆయన సంతకు వచ్చుట మానిరి, పెండ్లిపందిళ్లకు పోవుట మానిరి. ఉన్న కొద్ది నడకయు పోయి మోకాళ్లు మఱింత బిగిసినవి. మనుమరాలిని ఎత్తుకొనలేకపోవుట ఆయనకు పెద్ద దుఃఖము. "నాకు మనోబలము లేదండీ" అని నాతో ననిరి. ఈ మాట నాకు సమ్మతము గాలేదు.

చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము స్థూలులను, కృశులను గూర్చినది. మేదస్సు మార్గములను కప్పివేయగా వాయువు కోష్ఠమున సంచరించి జఠరాగ్నిని రగుల్చునని, అందుచే స్థూలునికి ఆకలి త్వరగా వేయునని అందు చెప్పబడినది. నేటి శాస్త్రజ్ఞుల పరిభాష వేఱు. వారును ఆకలిని దేహధర్మముగనే చూచుచున్నారు. 1944, 45 సంవత్సరములలో అమెరికాలోని మినెసోటాలో ఆన్సెల్ కీస్ అను పండితుడు 36 మంది పురుషులకు ఆఱు నెలలు అరకొర తిండి పెట్టి పరిశీలించెను. వారు తమ బరువులో దాదాపు నాలుగవ వంతు కోల్పోయిరి. మరల స్వేచ్ఛగా తిననిచ్చినపుడు వారికి కడుపు నిండినను తృప్తి కలుగలేదు. క్రొవ్వు మునుపటికంటె మించి చేరినది. 2011లో మెల్బోర్న్ పరిశోధకులు, తగ్గిన యేడాదికి గూడ ఆకలిని పెంచు గ్రంథిరసములు రక్తములో శాంతింపలేదని కనుగొనిరి. 2016లో అమెరికాలో వెలువడిన మఱియొక పరిశోధన ఒక పోటీలో మిక్కిలి తగ్గిన 14 మందిని గూర్చినది. ఆఱేండ్ల పిమ్మట వారి దేహములు విశ్రాంతిలో దినమునకు ఉండవలసినదానికంటె ఇంచుమించు 500 కేలరీలు తక్కువగా ఖర్చు చేయుచుండెను. అనగా దాదాపు 140 గ్రాముల బియ్యపు అన్నము! తగ్గినవాడు ఎక్కువ ఆకలితో తక్కువ తినవలసియుండును. దీనిని పంతులుగారికి వివరించి, ఇందు సిగ్గుపడవలసినది లేదంటిని. లెక్కల మనిషి గనుక వెంటనే గ్రహించిరి.

రెండవమాఱు ఆయన ప్రతి నియమమును ఒక్క ప్రశ్నతో పరీక్షించిరి: "దీనిని డెబ్బదియైదవ యేట గూడ పాటింపగలనా?" పాటింపలేనిదానిని మొదటనే త్రోసివేసిరి. మధ్యాహ్నపు అన్నము మానలేదు. ఒకే గిన్నెతో కొలిచి తినసాగిరి. అందు కూర, పప్పు హెచ్చించిరి. రాత్రి చోడిసంకటి, ఉలవచారు. (చోళ్లు మంత్రపుబియ్యము గావు, మూడు ముద్దలు మ్రింగిన అవియు పెంచును.) చరకుడును స్థూలునికి యవలు, పెసలు, ఉలవలు, సామలవంటి ధాన్యములను విధించెను, కడుపులో బరువుగా నిలిచి దేహమును మాత్రము పెంచని ఆహారము మేలనెను. వ్యాయామమును "క్రమేణ", అనగా కొంచెము కొంచెముగా, పెంచవలెననెను. ఆ యొక్క పదమునే పంతులుగారు పట్టుకొనిరి. నెలకు ఒక కిలో మించకుండ ఎనిమిది నెలలు తగ్గి, పిమ్మట మూడు నెలలు బుద్ధిపూర్వకముగా ఆగిరి. ఆ మూడు నెలలు తగ్గక, పెరుగక ఉండుటనే అభ్యసించిరి. నాకు మిక్కిలి నచ్చినది ఇదియే. తగ్గుట ఒక విద్య, నిలుచుట మఱియొక విద్య. రెండవదానిని మనకు నేర్పువారు లేరు. తరువాత ఇంకను మూడు కిలోలు తగ్గిరి. మూడేండ్లుగా రెండు కిలోల హెచ్చుతగ్గులలో నున్నారు. మనుమరాలు ఎత్తుకొను వయసు దాటినది గాని, ఆమె చేయి పట్టుకొని బడివఱకు నడచుచున్నారు.

అమెరికాలో 1994లో ఇట్టివారి కొఱకే ఒక పట్టిక తెఱచిరి. 30 పౌనులు, అనగా దాదాపు పదునాలుగు కిలోలు తగ్గి, ఏడాదియైనను నిలుపుకొన్నవారికి అందు చోటు. వారి అలవాట్లను విచారింపగా దినమునకు రమారమి ఒక గంట నడక, తఱచుగా తూకము చూచుకొనుట విరివిగా కనబడినవి. మన పల్లెలో ప్రతి యింట త్రాసు లేదు. కాని పురుషుల నడుమున మొలత్రాడు కలదు! పంతులుగారు తగ్గిన దినముననే క్రొత్త త్రాడు సరిగా కట్టుకొనిరి. అది ఒరసినచో ఆ వారమే జాగ్రత్తపడుదురు; పండుగలు ముగియువఱకు ఆగరు. స్త్రీలు ఒక టేపుతో బొడ్డుదగ్గఱ కొలుచుకొనవచ్చును. మనదేశపు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటుట వైద్యులు హెచ్చరించు కొలత.

వృద్ధులకు మఱియొక చిక్కు కలదు. తగ్గునపుడు క్రొవ్వుతోబాటు కండయు పోవును. తిరిగి పెరుగునపుడు వచ్చునది ఎక్కువగా క్రొవ్వే. కావున పప్పు, మజ్జిగ, తినువారికి గ్రుడ్డు తగ్గింపరాదు. చేతులూనక పీటపైనుండి లేచుట దినమునకు పదిమాఱులు చేసినను మేలే.

2025లో మనదేశములో విక్రయమునకు వచ్చిన క్రొత్త సూదిమందులను గూర్చి కొందఱడుగుచున్నారు. అవి ఆకలిని అణచును. అందొకదానిని మానిన యేడాదిలో తగ్గినదానిలో మూడింట రెండువంతులు తిరిగి వచ్చినట్లు 2022లో ఒక పరిశోధన చూపినది. వైద్యుడు వ్రాసి యిచ్చినచో పుచ్చుకొనవచ్చును. అప్పుడును ఈ రెండవ విద్య తప్పదు.

మధుమేహమునకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడువారు ఆహారము తగ్గించుటకు ముందు వైద్యునకు చెప్పవలెను. లేకున్న చక్కెర హఠాత్తుగా పడిపోయి స్మృతి తప్పవచ్చును. ఏ ప్రయత్నమును లేకయే బరువు తగ్గుచున్నవారు సంతోషింపక ఆరోగ్యకేంద్రమునకు పోయి క్షయ, మధుమేహము మున్నగువానికి పరీక్ష చేయించుకొనవలెను.