కెమెరా కటకం మీది అంకెలు

కెమెరా కటకం చుట్టూ ఉన్న వలయం మీద 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అనే అంకెలు మీరు చూసే ఉంటారు. పక్కపక్కనున్న ఏ రెండింటినైనా తీసుకుని పెద్దదాన్ని చిన్నదానితో భాగించి చూడండి. దాదాపు 1.414 వస్తుంది. అది 2కు వర్గమూలం. ఆ వర్గమూలం అక్కడికి ఎందుకు వచ్చిందో, ఈ అంకెలను ఎంతవరకు నమ్మవచ్చో ఈ ప్రసంగంలో పరిశీలిద్దాం.

కటకం నాభ్యంతరాన్ని, ముందు వైపు నుంచి చూస్తే కనిపించే రంధ్రపు వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్-సంఖ్య. నాభ్యంతరం 50 మి.మీ., వ్యాసం 25 మి.మీ. అయితే అది ఎఫ్/2. అంకె పెరిగితే వెలుగు తగ్గడమేమిటని చాలామంది తికమక పడతారు. వ్యాసం హారంలో ఉందని గుర్తుంటే ఆ సందేహం రాదు.

లోపలికి వచ్చే వెలుగు రంధ్రపు వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. వైశాల్యం వ్యాసపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కనుక వెలుగును సగం చేయాలంటే వ్యాసాన్ని 2తో కాదు, 1.414తో భాగించాలి. 25 మి.మీ. కాస్తా 17.7 మి.మీ. అవుతుంది, ఎఫ్-సంఖ్య 2.8 అవుతుంది. 5.6 నిజానికి 5.657, 11 నిజానికి 11.31. చెక్కడానికి వీలుగా కుదించారు, అంతే.

మరి నాభ్యంతరంతో పని ఏమిటి? 100 మి.మీ. కటకం దూరపు వస్తువు ప్రతిబింబాన్ని 50 మి.మీ. కటకం కన్నా రెండింతలు పెద్దదిగా చూపుతుంది. అదే వెలుగు నాలుగింతల వైశాల్యం మీద పరుచుకుంటుంది. దాన్ని సరిచేయాలంటే వ్యాసమూ రెండింతలు కావాలి. అందుకే నిష్పత్తిని తీసుకున్నారు.

1975లో వచ్చిన ‘బారీ లిండన్’ చిత్రంలో స్టాన్లీ కూబ్రిక్ కొవ్వొత్తుల వెలుగులో కొన్ని దృశ్యాలు తీశారు. వాడినది నాసా కోసం జైస్ సంస్థ చేసిన 50 మి.మీ., ఎఫ్/0.7 కటకం. లెక్క వేస్తే వ్యాసం 71 మి.మీ., నాభ్యంతరం కన్నా ఎక్కువ! ఎఫ్/1.4తో పోలిస్తే నాలుగింతల వెలుగు.

ఇంతవరకు మనం చేసినది జ్యామితి మాత్రమే. గాజు తినేసే వెలుగు ఇందులో లేదు. ఒకే దృశ్యాన్ని రెండు కెమెరాలతో, రెండింటినీ ఎఫ్/4 వద్ద ఉంచి చిత్రిస్తున్నారనుకోండి. ఒకదానిలో ముఖం వెలుగుగా, మరొకదానిలో నల్లగా వస్తే ఆ షాట్లు కలవవు.

కారణం పరావర్తనం. వక్రీభవన గుణకం 1.5 ఉన్న గాజు, పూత లేకపోతే, ప్రతి తలం వద్ద 4 శాతం వెలుగును వెనక్కి పంపుతుంది. విడివిడిగా అమర్చిన 10 గాజు కటకాలకు 20 తలాలు. 0.96ను 20 సార్లు గుణిస్తే 0.44. సగం కూడా దాటదు! 1935లో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకుల పలుచని పూత పద్ధతిని కనుగొన్నారు. ఇప్పటి మంచి పూతతో తలానికి అర శాతమే పోతుందనుకుంటే 0.90 మిగులుతుంది.

అందుకే సినిమా కటకాల మీద టి-సంఖ్య వేస్తారు. ఎఫ్-సంఖ్యను ప్రసరణ భాగపు వర్గమూలంతో భాగిస్తే అది వస్తుంది. పూత లేని మన ఎఫ్/4 కటకం టి 6, పూత ఉన్నది టి 4.2. రెంటికీ మధ్య ఒక స్టాప్ తేడా, అంటే వెలుగులో రెండింతలు.

అయితే క్షేత్ర గాఢతను, అంటే ఎంత లోతు వరకు బొమ్మ స్పష్టంగా ఉంటుందో, లెక్కించేటప్పుడు టి-సంఖ్యను వాడకండి. మసక రంధ్రపు వ్యాసాన్ని బట్టి వస్తుంది, గాజు ఎంత వెలుగును దాటనిచ్చిందనే దాన్ని బట్టి కాదు. అక్కడ ఎఫ్-సంఖ్యే కావాలి.