ప్రైమరు దిగని యంత్రం

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పనిస్థలంలో భద్రతను గురించి మాట్లాడవలసిందని నిర్వాహకులు మమ్ము కోరినారు. చట్టాల సెక్షన్లను వరుసగా చదివి వినిపించే ఉద్దేశం మాకు లేదు. సెక్షన్లను మీరు ఛార్జిషీట్లలో తరచు చూస్తూనే ఉన్నారు. అందుచేత ఒక యంత్రాన్ని ఎదుట పెట్టుకొని మాట్లాడుతాము. అది మన షెడ్డులలో గాని, సార్టింగు హాళ్ళలో గాని ఉండేది కాదు. అమెరికాలో వేటగాళ్ళు, గురిపోటీలలో పాల్గొనేవారు ఇంటి గ్యారేజీలో బల్లకు బిగించుకొనే చేతి ప్రెస్సు అది. ఒకసారి పేల్చిన తూటా ఇత్తడి గొట్టాన్ని పారవేయకుండా, దానిలో కొత్త ప్రైమరు, కొత్త మందు, కొత్త గుండు అమర్చి మళ్ళీ వాడుకొంటారు. ఆ దేశంలో ఇది చట్టసమ్మతమైన వ్యాపకం. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఐదవ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కనుక తూటా చేయడం ఎలాగో నేర్పడానికి ఈ ప్రసంగం కాదు. ఆ యంత్రం ఆగినప్పుడు ఏమి జరుగుతుంది, ఆపినవాడు ఏమి చేయాలి, ఏమి చేయకూడదు అన్నదే మన విషయం. ప్రమాదకరమైన చిన్న వస్తువు ఒక సన్నని దారిన వరుసగా దిగిరావలసిన ప్రతి యంత్రానికీ ఇది వర్తిస్తుంది. అటువంటి యంత్రాలు మనకూ ఉన్నవి.

ముందుగా ప్రైమరు అంటే ఏమిటో చెప్పుకొందాము. దీపావళికి పిల్లలు బొమ్మ పిస్తోలులో పెట్టే కేపుల రీలు మీకు తెలిసినదే. సుత్తి పడగానే కేపు టప్పుమంటుంది. తూటా అడుగున ఉండే ప్రైమరు కూడ అదే కుటుంబానికి చెందినది, కాని శక్తిలో ఎన్నో రెట్లు పెద్దది. చిన్న రకం అడ్డుకొలత సుమారు 4.45 మిల్లీమీటర్లు, పెద్ద రకం సుమారు 5.33. ఒక లోహపు గిన్నె, దానిలో పిసరంత మందు, ఆ మందుపైన దాగలి వంటి చిన్న రేకు. తుపాకి సూది గిన్నె అడుగును గుద్దగానే మందు ఆ దాగలికీ గిన్నెకూ మధ్య నలిగి పేలుతుంది. పూర్వం పాదరసపు ఫల్మినేటు వాడేవారు. తరువాత సీసపు సమ్మేళనమైన లెడ్ స్టిఫ్నేట్ దాని స్థానంలోకి వచ్చింది. ఈ సీసాన్ని గుర్తుంచుకోండి, దానితో తరువాత పని ఉన్నది. ఒక్క ప్రైమరు పేలితే వేళ్ళు కాలవచ్చు, కన్ను పోవచ్చు. ఒకదానిపై ఒకటిగా నూరు ప్రైమర్లు పేర్చి ఉన్నప్పుడు ఒకటి పేలితే, ఆ వేడికీ తాకిడికీ తక్కినవన్నీ ఒక్క క్షణంలో పేలుతవి. అప్పుడు అది కేపుల రీలు కాదు, బాంబు.

ఇక ప్రెస్సు. గుండ్రని పళ్ళెంలో నాలుగైదు చోట్ల ఇత్తడి గొట్టాలు నిలబడి ఉంటవి. పిడిని ఒకసారి లాగి వదిలితే పళ్ళెం ఒక అడుగు తిరుగుతుంది. ఒకచోట పాత ప్రైమరు ఊడుతుంది, కొత్త ప్రైమరు కూరబడుతుంది. తరువాతి చోట మందు పడుతుంది. ఆ తరువాత గుండు కూర్చుంటుంది. అన్ని పనులు ఒకేసారి జరుగుతవి గనుక, పళ్ళెం నిండిన తరువాత ప్రతి లాగుకూ ఒక పూర్తి తూటా బయటికి వస్తుంది. గంటకు కొన్ని వందలు చేయవచ్చు. ఈ వేగమే దాని గొప్పతనం, దాని గొడవ కూడ.

కొత్త ప్రైమర్లు నిలువు గొట్టంలో ఒకదానిపై ఒకటిగా నూరు ఉంటవి. దిగుబడికి స్ప్రింగు లేదు, బరువే ఆధారం. గొట్టం చుట్టూ మందపాటి ఉక్కు కవచం ఉంటుంది. ఏదైనా పేలితే ఆ దెబ్బ మనిషివైపు రాకుండా పైకి పోవడానికే అది. పైన ఒక సన్నని కడ్డీ ప్రైమర్లపై కూర్చొని, అవి తరిగినకొద్దీ దిగుతూ ఇంకెన్ని మిగిలినవో చూపుతుంది. గొట్టం అడుగున ఒక జారుడు పట్టీ. దానికి ఒక ప్రైమరు మాత్రమే పట్టే గుంట. పట్టీ వెనుకకు పోయి గొట్టం కింద నిలుస్తుంది, ఒకటి గుంటలో పడుతుంది. ముందుకు వచ్చి ఇత్తడి గొట్టం కింద నిలుస్తుంది, పిడిని నెట్టగానే కిందినుండి మొల దానిని పైకి కూరుతుంది.

రైల్వే మిత్రులు ఇప్పటికే నవ్వుతున్నారు. సింగిల్ లైనులో పనిచేసిన స్టేషన్ మాస్టర్లకు నీల్స్ బాల్ టోకెన్ యంత్రం గుర్తుకు వచ్చి ఉంటుంది. అక్కడ ఉక్కు బంతి, ఇక్కడ ప్రైమరు. రెండూ బరువుతో దిగుతవి, ఒకటి తరువాత ఒకటి మాత్రమే రావాలి. బంతి దిగకపోతే స్టేషన్ మాస్టరు సుత్తి తీసుకోడు. యంత్రం పాడైనదని ప్రకటిస్తాడు, పేపర్ లైన్ క్లియర్ టికెట్టుపై బండిని పంపుతాడు. యంత్రం సీలు విప్పే హక్కు సిగ్నల్ మెయింటెయినరుదే. ఈ పద్ధతి ఊరికే రాలేదు. అది లేని రోజులలో ఎదురెదురుగా వచ్చి గుద్దుకొన్న బండ్ల మీదుగా వచ్చింది.

ఇప్పుడు ప్రైమరు దిగలేదనుకొందాము. అనుభవం లేనివాడు వెంటనే పిడిని గట్టిగా నెడతాడు. అనుభవం ఉన్నవాడు పిడినుండి చేయి తీస్తాడు. కళ్ళకు అద్దాలున్నవో లేవో చూసుకొంటాడు. మందు డబ్బాను బల్లమీదనుండి దూరం జరుపుతాడు. ప్రైమర్ల గొట్టాన్ని నిటారుగా తీసి, మూతితో కొట్టకుండా, పళ్ళెంలోకి నెమ్మదిగా ఖాళీ చేస్తాడు. యంత్రంలో ప్రాణాంతకమైనది ఏదీ లేదని తేలిన తరువాతనే లోపం వెతకడం మొదలుపెడతాడు. గొట్టంలో ప్రైమర్లు ఇరుక్కొని ఉంటే పుల్లతోనో, కడ్డీతోనో పొడిచి దించే ప్రయత్నం ఎన్నటికీ చేయడు. నూరు ప్రైమర్ల వరుసను కడ్డీతో గుద్దడమంటే, తుపాకి సూది చేసే పనిని తన చేత్తో తాను చేయడమే.

వెతకడంలో కూడ ఒక క్రమం ఉన్నది. మొదట గొట్టంలో అసలు ప్రైమర్లు ఉన్నవా? ఇది హాస్యానికి అన్నమాట కాదు. యంత్రం విప్పి మరలన్నీ బల్లమీద పరచిన తరువాత, గొట్టం ఖాళీ అయినదని గ్రహించినవారు చాలామంది. లేదా పైనున్న కడ్డీయే కవచానికి తట్టుకొని నిలిచి, ఇంకా సరుకు ఉన్నట్టు అబద్ధం చెబుతూ ఉంటుంది. తరువాత గొట్టం మూతి. చివరనున్న మెత్తని కొన అరిగిపోతే, పగిలితే, కొద్దిగా వంగితే ప్రైమరు అడ్డం తిరిగి అక్కడే ఆగుతుంది. గొట్టానికి చిన్న సొట్ట పడినా అంతే.

ఆ తరువాత జారుడు పట్టీ. లోపాలలో చాలాభాగం ఇక్కడే. ఖాళీ యంత్రాన్ని నెమ్మదిగా ఆడించి, పట్టీ పూర్తిగా వెనుకకు పోతున్నదా, దాని గుంట సరిగా గొట్టం మూతి కిందికి వస్తున్నదా అని కంటితో చూడాలి. వెంట్రుకవాసి తక్కువైనా ప్రైమరు పడదు, లేదా సగం పడి అంచున నిలుస్తుంది. సగం పడినదే అన్నిటికంటె ప్రమాదం. పట్టీ ముందుకు కదిలితే దాని అంచు కత్తెరవలె ఆ ప్రైమరును కోస్తుంది, దానిపైన తొంబైతొమ్మిది కూర్చొని ఉంటవి. పిడి ఏ కొంచెం బరువుగా తోచినా ఆగవలసినది ఇందుకే. చేతికి తెలిసే ఆ బరువే యంత్రం మనకు పంపే తంతి.

పట్టీ ఎందుకు పూర్తిగా పోదు? బిగింపు మర వదులై ఉండవచ్చు, వెనుకకు లాగే తీగ వంగి ఉండవచ్చు. కాని సాధారణంగా కారణం మురికి. ఊడదీసిన పాత ప్రైమర్ల మసి దారిలో పేరుకొంటుంది. దానికంటె తమాషా అయినది మరొకటి ఉన్నది, దీనిని కొంచెం ఓపికగా వినండి. ఒకసారి ఒక ప్రైమరు దిగలేదు, ఎవరూ గమనించలేదు. ఇత్తడి గొట్టం అడుగున రంధ్రం అలాగే ఉండిపోయింది. పళ్ళెం తిరిగి తరువాతి చోటికి పోగానే ఆ గొట్టంలో మందు పడింది. అడుగు లేని కుండలో పోసిన నీళ్ళవలె మందు రంధ్రంగుండా కారింది. పళ్ళెం మీద పడింది, జారుడు పట్టీ దారిలో పడింది. ఆ పలుకులు అడ్డుపడి పట్టీ తరువాతిసారి ఇంకా తక్కువ దూరం పోయింది, మరొక ప్రైమరు దిగలేదు, మరింత మందు కారింది. ఒక లోపం తన పిల్లలను తానే కన్నది. ఇప్పుడు పైపైన తుడిచి మళ్ళీ మొదలుపెట్టినవాడికి పది లాగుల తరువాత అదే జబ్బు తిరిగి వస్తుంది. మందు కారడానికి ముందు ఆ మొదటి ప్రైమరు ఎందుకు దిగలేదో కనుక్కొన్నవాడే యంత్రాన్ని బాగుచేసినవాడు. ఒకసారి ఒక్కటే మార్చి పరీక్షించాలి. మూడు మరలు కలిపి తిప్పినవాడికి ఏది పనిచేసినదో తెలియదు.

చివరిది: ప్రైమరు వచ్చింది గాని కూర్చోదు. సైనిక తూటాల గొట్టాలలో ప్రైమరు ఊడకుండా అంచు నొక్కి ఉంచుతారు. ఆ అంచును ముందుగా తీయకపోతే కొత్తది లోపలికి పోక నలుగుతుంది. బెర్డన్ రకం గొట్టమైతే అడుగున దాగలి గొట్టానికే ఉంటుంది, రెండు చిన్న రంధ్రాలుంటవి. ఈ ప్రెస్సు బాక్సర్ రకానికి చేసినది. బాక్సర్ ఇంగ్లండు సైనికాధికారి, బెర్డన్ అమెరికావాడు. ఇద్దరి పద్ధతులూ 1860 దశకంలో వచ్చినవే. చిత్రమేమంటే ఇంగ్లీషువాడి పద్ధతి అమెరికాలోనూ, అమెరికావాడి పద్ధతి యూరప్‌లోనూ స్థిరపడినవి. పనిముట్లకు దేశభక్తి ఉండదు కాబోలు.

ఇక మేము చెప్పదలచిన అసలు సంగతి. ఆ గ్యారేజీలో సూపర్వైజరు లేడు. కోటా లేదు, ఇన్సెంటివు లేదు, వివరణ అడిగే మెమో లేదు. అయినా ఆ మనిషి పిడిని బలంగా నెడుతున్నాడు. ఎందుకు? గంటకు ఇన్ని వందలు అన్న లెక్క అతని తలలో కూర్చొని ఉన్నది. తనకు తానే మేస్త్రీ అయినాడు. ఎవరూ తొందరపెట్టని చోటనే ఇట్లా ఉంటే, తలపై టార్గెటు వేలాడుతున్న కార్ఖానాలో చేతులను నిందించి ప్రయోజనమేమి? ప్రమాదం జరిగిన తరువాత వచ్చే విచారణ నివేదికలో "ఉద్యోగి అజాగ్రత్త" అన్న రెండు మాటలు కనిపిస్తవి. యంత్రాన్ని శుభ్రం చేయడానికి షిఫ్టులో ఎన్ని నిమిషాలు కేటాయించినారు, అరిగిన కొనకు బదులు కొత్తది స్టోరులో ఉన్నదా, ఆపినవాడికి ఆ రోజు ఉత్పత్తి తగ్గినందుకు ఏమి జరిగింది అన్న ప్రశ్నలు ఆ నివేదికలో ఉండవు. ఆ ప్రశ్నలను విచారణలో రాతపూర్వకంగా అడగవలసినది మనమే.

ఒక సార్టింగు కార్యాలయంలో ముద్రలు వేసే యంత్రం రబ్బరు రోలరు అరిగి ఒకేసారి రెండు కవర్లను లాగుతూ ఉండేది. ఒకటి ముద్ర లేకుండా పోయేది, ఒకటి చిరిగేది. చిరిగిన కవర్లకు సంజాయిషీ అడిగినది రోలరు కొననివారిని కాదు, యంత్రం ముందు నిలబడిన సార్టరును. మేము ఆ కేసులో వాదించినది ఒక్క కాగితంతోనే. రోలరు మార్చమని ఆ సార్టరు అంతకు ముందే లాగ్ పుస్తకంలో రాసిన తేదీ అది. మెమో రద్దయింది. అందుచేత యంత్రం ఆగిన ప్రతిసారి వేళతో సహా రాయండి. నోటితో చెప్పిన ఫిర్యాదు గాలిలో పోతుంది.

మన దేశంలో ఇటువంటి ప్రైమర్లతో, మందుతో రోజూ పనిచేసేవారు ఆయుధ కర్మాగారాల కార్మికులు. ఖడ్కీ ఆమ్యునిషన్ ఫ్యాక్టరీ 1869 నాటిది. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్సు ఫ్యాక్టరీలన్నిటినీ ఏడు కంపెనీలుగా మార్చినారు. ఆ మార్పును ప్రతిఘటిస్తూ సమ్మె ప్రకటించినప్పుడు, అదే సంవత్సరం అత్యవసర రక్షణ సేవల చట్టం తెచ్చి సమ్మెను నిషేధించే అధికారం తీసుకొన్నారు. మందు మధ్య పనిచేసేవాడు యంత్రం ఆపడానికి అధికారి ముఖం చూడవలసి వస్తే, ఆ చూపులో గడిచే క్షణమే ప్రమాదానికి చాలు. పనిని ఆపే హక్కు వేతనపు డిమాండు కంటె చిన్నది కాదని మా అభిప్రాయం.

సీసం సంగతి చెబుతామన్నాము. పేలిన ప్రైమరు మసిలో సీసం ఉంటుంది. అది వేళ్ళకు అంటి, అన్నంతోనో, బీడీతోనో కడుపులోకి పోతుంది. దుమ్ముగా ఊపిరిలోకి పోతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో సీసపు విషాన్ని మొట్టమొదట చేర్చింది. పేలుడు ఒక్కసారి వినబడుతుంది గనుక అందరూ పరుగెత్తి వస్తారు. సీసానికి శబ్దం లేదు. ఆ బల్లవద్ద తినకూడదు, తాగకూడదు, చేతులు సబ్బుతో కడుక్కొని గాని ఇంటికి పోయి బిడ్డనెత్తుకోకూడదు. మసిని పొడి చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి.

మన వద్దకు వద్దాము. కీమాన్ భుజాన ఉన్న సంచిలోని డిటోనేటరు ఈ ప్రైమరుకు అన్నవంటిది. 1841లో ఇంగ్లండులో కౌపర్ అనే ఇంజనీరు కనిపెట్టినాడు. చక్రం కింద నలిగి పేలడమే దాని పని. పొగమంచుకు ఇంజన్లలో కొత్త పరికరాలు వచ్చినవి గాని, పట్టా విరిగిన చోట బ్రాడ్ గేజిపై 600 మీటర్ల వద్ద ఒకటి, 1200 మీటర్ల వద్ద పది మీటర్ల ఎడంగా మూడు పెట్టి బండిని ఆపే బాధ్యత ఇంకా ఆ డబ్బాదే. దానిపై తయారైన నెల, సంవత్సరం ఉంటవి. పాతవి ముందు వాడాలి. తడిసినవాటిని, తుప్పు పట్టినవాటిని సంచిలోనే ఉంచి లెక్క సరిపెట్టడం జరుగుతున్నదేమో మీ మీ సెక్షన్లలో చూడండి. పేలని డిటోనేటరు పెట్టి పరుగెత్తిన మనిషి, తన వెనుక బండి ఆగుతుందని నమ్మి పరుగెత్తుతాడు.

తపాలా మిత్రులకు ఒక మాట. పేలుడు పదార్థాలను తపాలాలో పంపడాన్ని, 2024లో రద్దయిన 1898 నాటి చట్టమే నిషేధించింది. రైళ్ళలో అక్రమంగా తీసుకుపోవడం 1989 రైల్వే చట్టం 164వ సెక్షను కింద నేరం. ప్రైమర్లను తయారీదారు ఒక్కొక్కటి విడివిడిగా గూళ్ళున్న పెట్టెలో అమరుస్తాడు. ఒకటి పేలినా పక్కదానికి అంటకూడదని. అవే ప్రైమర్లను ఎవరైనా సీసాలోనో, డబ్బాలోనో విడిగా పోసి, మరేదో పేరు రాసి బుక్ చేస్తే, ఆ పార్సెలును బండిలోకి విసిరే చేయి మన హమాలీది. ఊపితే సన్నని లోహపు చప్పుడు చేసే, పరిమాణానికి మించి బరువున్న పొట్లాన్ని రెండవసారి ఊపకండి. కదపకుండా ఉంచి, అందరినీ దూరంగా పంపి, పై అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాగితం నకలు మీ వద్ద ఉంచుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.